పాలు తాగని ఎముక

చింతామణిలో పురుషోత్తమ్ ఇంటి ముందు ఏఎస్‌ఐ తిమ్మక్క జీపు దిగేసరికి పదీ ఇరవై అయింది. గేటు బయట కారు సిద్ధంగా ఉంది. వెనక సీటు మీద ఎర్ర గుడ్డ పరిచారు. పన్నెండు గంటలకు ఆ గుడ్డ మీద ఒక మట్టి కుండ పెట్టుకొని శ్రీరంగపట్నం కావేరికి బయల్దేరుతారు. ఆ కుండలో ఇంటి ఒక్కగానొక్క కొడుకు మోహిత్ ఉన్నాడు. పందొమ్మిదేళ్ల పిల్లవాడు.

అయిదు రోజుల కిందట బాగేపల్లి బస్టాండులో బస్సు దిగుతూ పడి, వెనక చక్రం కింద పోయాడు. డ్రైవరు మునినారాయణను ఆ రోజే లోపల వేశారు. ఎదుటి మొబైల్ అంగడి కెమెరాలో అంతా పడింది. ఎనిమిదీ నలభై ఒకటి దాటి ఆరో సెకనుకు మోహిత్ ఎడమ కాలు నేలకు తగిలింది. ఏడో సెకనుకు మనిషి కూలాడు. తొమ్మిదో సెకనుకు బస్సు కదిలింది. ఠాణెలో చూసినవాళ్లంతా కాలు జారిందన్నారు. తిమ్మక్క పదకొండు సార్లు చూసింది. జారిన కాలు ముందుకు పోతుంది. ఆ కాలు ఎక్కడికీ పోలేదు. మడత కుర్చీ మడిచినట్టు ఉన్నచోటే మడుచుకుంది.

ఆ కాలి పిక్క ముందరి ఎముకలో రెండేళ్ల కిందట గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషను చేసి నాలుగు వేళ్ల పొడుగు ఎముక తీసేసి, దాని జాగాలో చిక్కబళ్లాపురంలో తయారైన కృత్రిమ ఎముక పెట్టారు. పింగాణీ జాతిది. ఆస్పత్రి కాగితానికి అతికించిన చీటీలో ‘3/9’ అని ఉంది. ఒకే విడతలో తొమ్మిది పంపారు, అందులో మోహిత్‌ది మూడోది. తిమ్మక్కకు అన్నం సయించకుండా చేసింది ఆ తొమ్మిదే. ఒకటి ఈ కుండలోకి వచ్చింది. మిగతా ఎనిమిది ఏయే ఊళ్లలో, ఎవరెవరి కాళ్లలో నడుస్తున్నాయో ఎవరికీ తెలియదు. సాయంత్రం అయిదుకు ‘డ్రైవరు నిర్లక్ష్యం’ అని రాసి ఫైలు మూసేస్తానని ఎస్‌ఐ గిరీశ్ చెప్పేశాడు. మూసేస్తే ఇక ఆ ఎనిమిది మందిని అడిగేవాళ్లు ఉండరు.

తిమ్మక్కకు భయం ఉద్యోగం కంటే పాతది. కూతురు ప్రమోద స్కూటరు మీద కాలేజీకి పోయి, చేరినానని మెసేజు పెట్టేదాకా ఆమె మంచినీళ్లు కూడా తాగదు. పీయూసీ ఇంగ్లీషులో తప్పి, కానిస్టేబుల్‌గా చేరి, ముప్పై ఏళ్లకు ఏఎస్‌ఐ అయింది. ఎవరి ఇంట్లో ఏం జరిగినా అది తన ఇంట్లో జరిగినట్టే చూడడం ఒక్కటే ఆమెకు చేతనైన విద్య.

కుండను ఇంట్లోకి తేకూడదు గనుక పెరట్లో, బట్టలుతికే బండ పైన కొక్కేనికి కట్టారు. దాని కిందే కూర్చొని ఉంది మోహిత్ తల్లి సులోచనమ్మ. తిమ్మక్క పోయి ఆమె పక్కనే నేల మీద చతికిలబడింది.

“అబ్బాయి కర్ర ఎప్పుడు వదిలేసినాడమ్మా?”

“ఆ పొద్దే.”

“ఎవరు చెప్పినారు?”

సులోచనమ్మ కొంగు అంచు నుంచి ఒక దారం పీకుతూ ఉంది.

“నేనే,” అంది చివరికి. “కాలి లోపల ఆసరాకు పెట్టిన స్టీలు ప్లేటు తీసేసి నెలయిండె. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముక కలిసిపోయింది, కర్ర అక్కర్లేదన్న్యాడు. వాడే వదల్లేదు. ఆ పొద్దు వాళ్ల మామ అంగడికి పోతాండాడు. నలుగురూ చూస్తార్రా, కుంటోడని పేరు పడుతుంది, పెట్టేసి పో అన్న్యాను. నా మాట ఎప్పుడూ వినేవాడు కాదక్కా. ఆ పొద్దు విన్న్యాడు.”

“కాలు నొప్పి అనేవాడా?”

“నొప్పి కాదు. కదులుతాండాదమ్మా అనేవాడు. లోపల ఏదో కదులుతాండాది అనేవాడు. ఊరికే కూర్చుంటే అట్లనే ఉంటుందిలేరా అనేదాన్ని.”

తిమ్మక్క నోటుబుక్కులో ‘కదులుతాండాది’ అని రాసి కింద గీత గీసింది. మళ్లీ ఏమడగాలో తోచక కుండ వైపు చూసింది. సులోచనమ్మ కూడా అటే చూసి, గొంతు తగ్గించింది.

“ఒక మాట చెప్తా. మా ఇంటాయనకి గూడా చెప్పల్యా. మూడోనాడు పాలు పోసేదానికి ఆడోళ్లం గూడా పోయినాము. అరిటాకు మీద వాడి ఎముకలు పరిచినారు. నేను పాలు పోసినాను. అన్నీ తాగినాయి. ఎండిన మట్టి తాగినట్టు, పోసింది పోసినట్టే తాగినాయి. ఒకటి తాగలేదు.”

“తాగలేదంటే?”

“చేమాకు మీద నీళ్ల మాదిరి జారిపోయినాయి. మూడుసార్లు పోసినా. మూడుసార్లూ అంతే.” ఆమె కళ్లు తుడుచుకోలేదు, అవి కారిపోతూనే ఉన్నాయి. “వాడికి నా మీద కోపం. తల్లి చేతి పాలు వద్దంటాండాడు.”

తిమ్మక్క చేతిలో పెన్ను ఆగిపోయింది.

“ఎట్లుండె ఆ ముక్క?”

“ఇంత పొడుగు,” అని సులోచనమ్మ నాలుగు వేళ్లు చూపించింది. “అన్నిటికంటే తెల్లగా ఉండె. మిగిలినవి ముట్టుకుంటే పొడి రాలతాండాయి, అది చెక్కు చెదరల్యా.”

కుండ విప్పాలంటే మోహిత్ తండ్రి పురుషోత్తమ్ ఒప్పుకోలేదు. గడప దగ్గరే నిలబడి, గొంతు పెంచకుండానే అన్నాడు.

“కట్టిన కుండ విప్పకూడదమ్మా. మనిషిని సగం నీళ్లలో కలిపి, సగం మీ ఠాణెలో పెట్టమంటావా?”

“అందులో ఒక తెల్ల ముక్క మీ వాడు కాదేమో అనిపిస్తాండాదప్పా. మీ వాడు కాకుంటే అదొక్కటే తీసుకుంటా. మీ వాడే అయితే ముట్టుకోను.”

“ఎట్ల తెలుస్తుంది నీకు?”

“గిన్నెలో నీళ్లు తెప్పించు.”

సులోచనమ్మ మొగుడి కోసం ఆగలేదు. లేచి, తనే కొక్కెం నుంచి కుండ దించి ముడి విప్పింది. మూడు రోజులుగా ఆ ముక్కనే తలచుకుంటున్న మనిషి గనుక చెయ్యి పెట్టగానే దొరికింది. తిమ్మక్క ఒక చిన్న ఎముక పెచ్చునూ ఆ తెల్ల ముక్కనూ బండ మీద పక్కపక్కన పెట్టి, వేలు ముంచి ఒక్కో చుక్క వదిలింది. పెచ్చు మీద చుక్క రెప్పపాటులో ఇంకిపోయింది. తెల్ల ముక్క మీద చుక్క గుండ్రంగా, పూసలా నిలబడింది. తిమ్మక్క అరవై లెక్కపెట్టింది. అది అట్లే ఉంది.

ముక్క పైన అంతా సన్నసన్న తూట్లు, స్పాంజి మాదిరి. ఒక చీపురు పుల్ల విరిచి ఒక తూటులో దూర్చింది. బియ్యపు గింజంత లోతు కూడా పోకుండా ఆగింది. ఇంకోదానిలో దూర్చింది. అదీ అంతే. పైన జల్లెడ, లోపల బండ.

ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లను సాక్షులుగా పిలిచి, దొరికింది దొరికినట్టు మహజరు రాసి సంతకాలు తీసుకునేసరికి పదకొండూ అయిదు. గేటు దాకా వచ్చి సులోచనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“నా మాట వినే పోయినాడా అక్కా? అదొక్కటి చెప్పు. ఇంకేమీ అడగను.”

జీపు ఎక్కాక కూడా ఆ చెయ్యి పట్టు మణికట్టు మీద ఉన్నట్టే ఉంది.

చిక్కబళ్లాపురం పారిశ్రామిక వాడలో ఆ కంపెనీ చేరేసరికి పన్నెండూ పది. ముందు గదిలో ఆమె కోసమే కూర్చొని ఉన్నాడు ఆనంద్‌కుమార్. రిటైరైన సర్కిల్ ఇన్‌స్పెక్టరు. ఒకప్పుడు ఆరేళ్లు తిమ్మక్క ఆయన కిందే పనిచేసింది. ఇప్పుడు కంపెనీల తరఫున విచారణలు చేస్తున్నాడు.

“రా తిమ్మక్కా. స్టారు పడిందంట భుజం మీద. నా దగ్గర ఉన్నప్పుడు టీ తెచ్చేదానివి.”

“చక్కెర ఎక్కువైందని తిట్టేవారు సార్. మీ చక్కెర జబ్బు ఎట్లుండాది?”

ఆయన నవ్వాడు. ఆమె ప్లాస్టిక్ సంచిలోని ముక్కను బల్ల మీద పెట్టేసరికి ఆ నవ్వు ఇంకాస్త విచ్చుకుంది. సంచి ఎత్తి కిటికీ వెలుతురులో తిప్పి చూశాడు.

“నా పని నువ్వే చేసి పెట్టినావు గదా. చూడు, విరిగిందా? పగులు వచ్చిందా? చక్రం కింద పగల్లేదు, చితిలో పగల్లేదు. మా వాళ్లు చేసింది ఇంత గట్టిది. ఇంక బస్సు డ్రైవరుదే తప్పు. దీన్ని ఫోటో తీసి నీ ఫైల్లోనే పెట్టుకో.”

ఆ మాట నిజమే. విరిగిన ముక్క కోసం పొద్దున బయల్దేరింది, విరగని ముక్కతో వచ్చింది. కోర్టులో ఏ లాయరైనా ఇదే అంటాడు. అయినా ఆ నీటిచుక్క ఆమె కళ్ల ముందు నుంచి పోలేదు.

“ఇది చేసే జాగా చూడాల సార్.”

“ఏంటికి?”

“తెలివి తక్కువదాన్ని గద. చూస్తే గానీ తెలీదు.”

“చూడు, చూడు. పీయూసీ మళ్లీ రాసినట్టు ఉంటుంది.”

లోపల పొడుగాటి గది. ఒక గోడకు నీళ్ల తొట్టి మాదిరి స్టీలు తొట్టి, అందులో మజ్జిగలాంటి తెల్లటి చిక్కటి ద్రవం. పైన కలిపే మిషను. ఎదుటి గోడకు ఆరబెట్టే అరలు, చివర కొలిమి. తలుపు పక్కన ముక్కలను నొక్కి బలం చూసే ప్రెస్సు. బల్ల దగ్గర నిలబడి ఉన్న మనిషిని ఆనంద్‌కుమార్ చూపించాడు. “చేతన్. ఈ ముక్కలు డిజైన్ చేసేది ఈయనే. అడుగు.”

చేతన్‌కు ముప్పై లోపే ఉంటాయి. నిద్రపోని ముఖం. తిమ్మక్క చేతిలోని సంచిని చూసి, గుర్తుపట్టి, చూపు తిప్పుకున్నాడు.

“ఇది ఎట్ల చేస్తారప్పా?” అని అడిగింది ఆమె. “నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. తొందరేమీ లేదు.” తొందర ఉంది. అది మొహంలో కనిపించనివ్వలేదు.

చేతన్ బల్ల మీది స్పాంజి తుంట తీశాడు. “మనిషి స్కాన్ చూసి, పోయిన ఎముక ఎట్లుండెనో అట్ల స్పాంజి కోస్తాము. దాన్ని ఆ ద్రవంలో ముంచి, పిండి, ఆరబెడతాము. మూడుసార్లు. కొలిమిలో పెడితే స్పాంజి కాలిపోతుంది, దాని మీద పట్టింది గట్టిపడుతుంది. స్పాంజిలో ఉండే తూట్లన్నీ అట్లే నిలుస్తాయి. ఒక్కోటి గసగసాల గింజలో సగం ఉంటుంది.”

“తూట్లు ఎందుకు? గట్టిగా ఒకే రాయి చేస్తే పోదా?”

“రాయిని ఒంట్లో పెడితే రాయిలానే ఉంటుందమ్మా. ఆ తూట్లలోకి నెత్తురు పోవాల, ఎముక పాకాల, ఇల్లు కట్టుకోవాల. అయితే తూట్లు ఎక్కువైతే బలం ఉండదు. బలం పెంచితే తూట్లు మూసుకుంటాయి. రెండిటి మధ్య వెంట్రుకంత దారి. నా పని అంతా ఆ వెంట్రుక మీదే.” అతను స్పాంజిని వేళ్ల మధ్య నొక్కుతూ, వదుల్తూ ఉన్నాడు. “మొదట్లో బరువంతా స్టీలు ప్లేటు మోస్తుంది. ఆ లోపల ముక్కా ఎముకా ఒకటయిపోవాల. అప్పుడు ప్లేటు తీసేస్తారు.”

“ఒకటి కాకపోతే?”

“పైకి కిందికి రెండు ఎముకలు, మధ్యలో ఒట్టి రాయి. పట్టుకునేదేమీ ఉండదు. కొన్నాళ్లు నిలబడుతుంది.”

“ఎక్స్‌రేలో తెలీదా?”

“ఇదీ తెల్లగానే కనిపిస్తుంది, ఎముకా తెల్లగానే కనిపిస్తుంది. ఆనుకొని ఉంటే కలిసినట్టే ఉంటుంది.”

తిమ్మక్క సంచి విప్పి ముక్కను బల్ల మీద పెట్టింది. సీసాలోంచి ఒక చుక్క నీళ్లు వేసింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. చుక్క గుండ్రంగా, కదలకుండా ఉంది.

“తాగాల గదప్పా?” అంది తిమ్మక్క మెల్లగా.

చేతన్ నోరు తెరిచేలోపే ఆనంద్‌కుమార్ అందుకున్నాడు. “చితి మంటకు తూట్లు మూసుకుపోయింటాయి. అంత వేడిలో ఏది మాత్రం ఉన్నట్టు ఉంటుంది?”

“అవునా చేతన్?”

అతను ఆనంద్‌కుమార్ వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు. “కట్టెల మంట తొమ్మిది వందలు దాటదు,” అన్నాడు నేలను చూస్తూ. “ఇది మా కొలిమిలో పన్నెండు వందల యాభైలో పుట్టింది. చితి దీన్ని ఏమీ చేయలేదు. ఇది ఎట్ల పోయిందో అట్లే వచ్చింది.”

“నీకు జీతమిచ్చేది ఎవరు?” అన్నాడు ఆనంద్‌కుమార్.

“ఆ విడత పుస్తకం చూపించు,” అంది తిమ్మక్క.

పుస్తకం వచ్చింది. ఆమె వేలు పెట్టుకుంటూ, పెదవులు కదుపుతూ చదివింది. మొదటి ముంపు సోమవారం పొద్దున ఆరు. ఒక్కో ముంపుకూ ఆరేది పన్నెండు గంటలు. రెండోది సోమవారం సాయంత్రం ఆరు. మూడోది మంగళవారం పొద్దున ఆరు. ఇక మంగళవారం సాయంత్రం ఆరుకు కొలిమిలోకి పోవాలి. పోలేదు. కొలిమి వెలిగించింది బుధవారం పొద్దున ఆరుకు.

“పన్నెండు గంటలు ఎక్కువ ఉండాది.”

“కరెంటు పోయింటుంది,” అన్నాడు ఆనంద్‌కుమార్. “మన జిల్లాలో కరెంటు పోవడం గూడా నేరమా?”

“కరెంటు లేకుంటే కలిపే మిషను ఎట్ల తిరిగింది సార్? మంగళవారం సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా తిరిగినట్టు ఇదో, మిషను లెక్కలో పడుండాది. దోసెలు పోసేది అయిపోయినాక పిండి కలుపుతా కూర్చునే ఆడదాన్ని నేను యాడా చూడలేదు. మళ్లీ పోయాలనుకుంటేనే కలిపేది.”

అంతలో తిమ్మక్క ఫోను మోగింది. ఎప్పటిలాగే ముందు ప్రమోద పేరు కోసం చూసింది. ప్రమోద కాదు. సులోచనమ్మ.

“కారు ఆపించినా అక్కా. హొసకోట దాటినాము. కుండ ఒళ్లో పెట్టుకోనుండా.” గాలి హోరులో ఆ గొంతు గదంతా వినిపించింది. “నీళ్లలో కలిపేస్తే ఇంక అడిగేదానికి వాడు గూడా ఉండడు. వాడికి నా మీద కోపమేనా? అబద్ధమైనా చెప్పు.”

తిమ్మక్క బల్ల మీది చుక్కను చూసింది.

“అబద్ధం చెప్పనమ్మా. ఆ తెల్ల ముక్క మీ వాడు కాదు. అది ఇక్కడ మిషన్లలో చేసింది. మీ ఒళ్లో ఉండే కుండలో ప్రతి ముక్కా మీ వాడు. అన్నీ మీ చేతి పాలు తాగినాయి. మీరే చూసినారు గద.”

అవతల నుంచి ఏడుపు కాదు, ఎవరో చాలా దూరం నడిచివచ్చి కూర్చున్నప్పుడు వచ్చే ఊపిరి వినిపించింది. తరువాత కారు తలుపు మూసిన చప్పుడు.

ఫోను కింద పెట్టేలోపలే చేతన్ అన్నాడు.

“నేనే ముంచినా. నాలుగోసారి.”

“చేతన్, నోరు మూసుకో. లాయరు వచ్చేదాకా ఒక్క మాట వద్దు.”

అతనికి వినిపించినట్టు లేదు. తిమ్మక్కతోనే మాట్లాడుతున్నాడు. “ముందటి విడతలో పదికి ఎనిమిది ప్రెస్సులో పొడి అయిపోయినాయమ్మా. ఆ చప్పుడు చెవుల్లోనే ఉండె. ఈ విడతకి మోహిత్ స్కాన్ నా టేబుల్ మీద ఉండె. పదిహేడేండ్లు, ఫుట్‌బాల్ ఆడతాడు అని డాక్టరు రాసినాడు. వాడు పరిగెత్తేటప్పుడు ఇది పగిలితే? మెట్లు దిగేటప్పుడు పగిలితే? అదే ఆలోచన. ఇంకొక్కసారి ముంచితే గట్టిగా ఉంటుందనుకున్యా. ఎవరికీ చెప్పల్యా. అందరూ పోయినాక ముంచి, ఆరబెట్టి, పుస్తకంలో రాయకుండా పోయినా.”

“గట్టిగా ఉండెనా?”

“చానా. పది చేసినాము, ఒకదాన్ని ప్రెస్సులో పెట్టినాము. ఎంత నొక్కినా పగల్లేదు. అందరూ చప్పట్లు కొట్టినారు. దాన్ని కోసి లోపల తూట్లు ఉండాయా అని చూడాల్సింది నేను. చూడల్యా. చూసేదానికి భయమేసింది. మిగతా తొమ్మిదీ పంపించేసినాము.” అతను ముక్కను వేలితో తాకి, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. “ఇది విరిగుంటే బాగుండె. ఇది విరగలేదు. అదేనమ్మా తప్పు.”

తిమ్మక్క ఇక్కడికి ఒక దుర్మార్గుడి కోసం వచ్చింది. ఎవడో ఒకడు ఆశకు పోయి పాడు సరుకు పంపి ఉంటాడని, వాడి మొహం మీద నాలుగు మాటలు అనాలని జీపులోనే కూడబలుక్కుంది. ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఆశ కాదు. పిల్లలకు ఏమవుతుందో అని నిద్రపట్టని మనిషి. ప్రమోద పదో తరగతిలో ఈత నేర్చుకుంటానంటే తాను పడనివ్వలేదు. మునిగిపోతావేమో అంది. ఆ పిల్లకు ఇప్పటికీ నీళ్లంటే భయం. తిట్టడానికి కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

“మిగతా ఎనిమిది మంది పేర్లు కావాల,” అంది.

“కోర్టు ఆర్డరు తెచ్చుకో,” అన్నాడు ఆనంద్‌కుమార్. ఆయన గొంతులో ఎగతాళి పోయింది. “రోగుల వివరాలు అట్ల ఇచ్చేవి కావు. నీకూ తెలుసు.”

“ఆర్డరు వచ్చేసరికి రెండు దినాలు. ఆ లోపల ఎవరో ఒకరు బస్సు దిగుతారు సార్.”

“లిస్టు మేనేజరు దగ్గర బీరువాలో ఉండాది. ఆయన బెంగళూరు పోయినాడు.”

“మీరు చూసినారా ఆ లిస్టు?”

ఆయన కళ్లు ఒక్క క్షణం పక్కకు పోయాయి. దొంగల కళ్లు చూడడం తిమ్మక్కకు నేర్పించింది ఆయనే.

“ఎన్నో రోజు చూసినారు?”

“మొన్న.”

“ఒక్కరికైనా ఫోను చేసినారా?”

ఆయన బల్ల మీది పుస్తకం మూసి పక్కకు జరిపాడు.

చేతన్ అప్పటికే కాగితం తీసుకొని రాస్తున్నాడు. “బీరువా ఎందుకమ్మా. ఒక్కొక్కరి స్కాన్ చూసి ఒక్కొక్క ముక్క కోసింది నేను. పేరు, ఊరు, కాలు అన్నీ తెలుసు.” మొదటి వరసలో మోహిత్ పేరు రాసి, ఆగి, దాని కింద మిగతావి రాశాడు. ఆనంద్‌కుమార్ కాగితం మీదికి చెయ్యి చాపాడు. తిమ్మక్క తన అరచెయ్యి దాని మీద ఆనించింది.

“నా చేతి మీద చెయ్యి పడితే అదొక కేసు సార్. మహజరు రాసేది నేనే.”

ఆయన చెయ్యి గాలిలో కాసేపు ఉండి, వెనక్కి పోయింది. కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఒక్కసారిగా ముసలివాడిలా కనిపించాడు.

“వీళ్లలో ప్లేటు ఎవరెవరికి తీసేసినారు?” అని అడిగింది తిమ్మక్క.

చేతన్ పెన్నుతో ఒక్కొక్క పేరూ దాటుకుంటూ పోయాడు. “ఈయనకి ఉండాది. ఈమెకి ఉండాది. ఈ కిందిద్దరికీ వచ్చే యేడు తీస్తారు. ఈ ముగ్గురికీ ఉండాది. ప్లేటు ఉండేవరకు భయం లేదమ్మా, బరువు దాని మీదే పోతుంది.” పెన్ను చివరి పేరు దగ్గర ఆగింది. “స్మిత. పద్నాలుగేండ్లు. కుడి తొడ. పోయిన నెల ఆస్పత్రి నుంచి కాగితం వచ్చిండె, ఎముక బాగా కలిసింది, ప్లేటు తీసేస్తాండాము అని. తీసి మూడు వారాలయింటుంది.”

“ఏ ఊరు?”

“పాతపాళ్య. నాయన పేరు ఆంజనేయప్ప. ఆ ఆస్పత్రి కాగితం మీద ఆయన నంబరు ఉండాది.”

బాగేపల్లి తాలూకా. తన ఠాణె కిందికి వచ్చే ఊరే. తిమ్మక్క నంబరు నొక్కింది. గడియారంలో ఒంటిగంటా ఇరవై. నాలుగో రింగుకు ఎత్తారు.

“ఎవురూ?”

“బాగేపల్లి ఠాణె నుంచి తిమ్మక్కని. ఆంజనేయప్పనా?”

“ఊనమ్మా. ఏమైంది?”

“ఏమీ కాలేదప్పా. మీ పాప యాడుండాది?”

“స్మితనా? చేన్లోనే ఉండాది. చెనక్కాయలు పీకిస్తాండాము. ఇంట్లో ఉండలేనని వచ్చి, ఆడోళ్ల పక్కన కూర్చోని కాయలు తెంపుతాండాది.”

కూర్చొని ఉంది. తిమ్మక్క కళ్లు మూసుకుంది. చేతన్ వైపు చూసి తల ఊపింది. అతను గోడకు ఆనుకున్నాడు.

“నువ్వు ఎంత దూరంలో ఉండావప్పా?”

“గట్టు మీద. బోరు కాడ. కనిపిస్తానే ఉండాది. ఏంటికమ్మా?”

“నేను చెప్పేది బాగా విను. ఆ పిల్ల కాలు కింద మోపకూడదు. నువ్వే దాని దగ్గరికి పోయి, ఎత్తుకొని, మంచం మీద...”

“అయ్యో, కాలు బాగయిపోయిందమ్మా,” అన్నాడు ఆంజనేయప్ప. మనిషి నవ్వుతున్నాడు. “ప్లేటు గూడా తీసేసినారు. డాక్టరే చెప్పినాడు, ఇంక మామూలు పిల్లే అని. పద్నాలుగేండ్ల పిల్లని ఎత్తుకుంటే కూలోళ్లు నవ్వుతారు. నీకు నమ్మకం లేకుంటే ఉండు, దానికే ఫోనిస్తా, నువ్వే అడుగు.”

“వద్దప్పా. పిలవద్దు. నువ్వే పో. పిలవద్దు...”

ఫోను అప్పటికే ఆయన చెవి దగ్గర లేదు. దూరంగా, చేను మీదుగా ఆయన గొంతు సాగింది. “స్మితా, ఓ స్మితా, పోలీసమ్మ ఫోను చేసింది, నీతో మాట్లాడల్లంట, రామ్మా.”

తిమ్మక్క ఆయన పేరు పెట్టి అరిచింది. మళ్లీ అరిచింది. ఆనంద్‌కుమార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చేతన్ రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. ఫోనులో బోరు నీళ్లు పడుతున్న చప్పుడు, ఎవరో ఆడవాళ్లు నవ్వుకుంటున్న చప్పుడు వచ్చాయి.

తరువాత ఆంజనేయప్ప గొంతు మళ్లీ దగ్గరయింది. సంతోషంతో బొంగురుపోయి ఉంది.

“వస్తాండాదమ్మా. రెండేండ్ల తర్వాత ఇప్పుడే చూస్తాండా. పరిగెత్తుకోని వస్తాండాది.”